తెరవడం రెండో దశలో ఉంది

“ఇకమీదట మన పిల్లలు కథలు చదవరు! కథల్లోనే నివాసముంటారు!”

ఉదయం బడి వరసల ముందు నిలబడి హెడ్మాస్టరుగారు ఈ మాట ప్రకటించగానే మైకు కూడా తట్టుకోలేక కుయ్యిమంది. చప్పట్లు కొట్టమని డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. పిల్లలు కొట్టారు. ఎందుకు కొడుతున్నామని అడిగే అలవాటు ఆ బడిలో ఎవరికీ లేదు కాబట్టి చప్పట్లు చాలా బాగా వచ్చాయి.

వెనక వరసలో ఒక అమ్మాయి మాత్రం చేతులు కలిపింది గానీ చప్పుడు రానివ్వలేదు. ఆమె ఏ పనీ చప్పుడు వచ్చేలా చేయదు. హాజరు పిలిచినప్పుడు ఆమె “ఉన్నాను” అంటే, పక్కపిల్ల ఆ మాటను అందుకుని మాస్టారి చెవిదాకా చేరవేయాలి. అందుకే బడిలో ఆమెకు గుసగుస అని పేరు పెట్టారు. పక్కపిల్ల పేరు రేడియో. ఎందుకో చెప్పనక్కర్లేదు.

కథల్లో నివాసముండడానికి విద్యాశాఖవారు ఒక పరికరం పంపారు. దాన్ని వర్చువల్ రియాలిటీ అంటారని హెడ్మాస్టరుగారు రెండుసార్లు తడబడి, మూడోసారి గట్టెక్కారు. చూడ్డానికి ముఖానికి కట్టుకునే నల్ల పెట్టె. కట్టుకుంటే ఎదురుగా ఉన్నది కనబడదు, లేనిది కనబడుతుంది. ఈ విద్య ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్నదే అయినా, బడిదాకా రావడం ఇదే మొదలు. పిల్లలు దానికి కళ్లపెట్టె అని పేరు పెట్టి ఊరుకున్నారు.

నివాసానికి ముందు ఒక గది కావాలి కదా! వెతికారు. టీచర్ల గది ఇవ్వడానికి వీల్లేదు, అక్కడ టీచర్లు అలసట తీర్చుకుంటారు. విరిగిన బెంచీల గది అసలే వీల్లేదు, సర్వీసులో ఆ బెంచీలు హెడ్మాస్టరుగారికంటే సీనియర్లు. ఇక మిగిలింది గ్రంథాలయం. అందులో ఉన్నవి ఉత్త పుస్తకాలు. ఎటు నెట్టినా నోరెత్తవు, పై అధికారికి అర్జీ పెట్టుకోవు.

“ఇళ్లకు పట్టుకెళ్లిన పుస్తకాలన్నీ రేపు పొద్దున్నకల్లా వెనక్కి రావాలి! ఆలస్యం చేసినవాళ్లు ప్రగతికి అడ్డుపడ్డట్టే!”

మైకులో హెడ్మాస్టరుగారు అన్న ఆ మాట గుసగుసకు మింగుడుపడలేదు. ఎందుకంటే ఆమె ఇంట్లో ఒక పుస్తకం సగంలో ఉంది.

ఆ పుస్తకాన్ని ఇద్దరు చదువుతున్నారు. గుసగుస కళ్లతో, నాయనమ్మ చెవులతో. నాయనమ్మ కళ్లకు పొరలు కమ్మి మనుషులే మబ్బుల్లా కనబడుతున్నారు, ఇక అక్షరాల సంగతి చెప్పేదేముంది! చెవులు మాత్రం గోడవతల మొగుడూ పెళ్లాల గొడవను మొదటినుంచి చివరిదాకా, తప్పు ఎవరిదో తేల్చేంత శ్రద్ధగా వింటాయి. బడిలో పెదవి కదపని పిల్ల ఇంట్లో నాయనమ్మ మంచం పక్కన కూర్చుంటే గొంతెత్తి చదివేది. కథలో గాలివాన వస్తే హోరుమనేది, ఓడ మునిగితే కేక పెట్టేది. “మెల్లగా చదవవే, వీధంతా మునిగిపోయిందనుకుంటారు,” అని వంటింట్లోంచి అమ్మ అరిచేది.

నీలం అట్ట పుస్తకం అది. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలా ఉండే మనిషికి జబ్బు చేస్తుంది. తుపానులో దీపం ఆరిపోతుంది. కింద పడవలో నూనె ఉంది. కూతురు కొండ అంచునుంచి తాడు పట్టుకుని చీకట్లో దిగుతుంది. సగం దిగాక లాంతరు చేజారిపోతుంది.

ఆ సాయంత్రం గుసగుస అక్కడిదాకా వచ్చింది.

“తాడు అయిపోయింది. కాళ్ల కింద నేల తగల్లేదు. పిల్ల చేతులు...”

కరెంటు పోయింది.

“చేతులు? చేతులు ఏమయ్యాయే?” నాయనమ్మ లేచి కూర్చుంది.

“కనబడ్డంలేదు నాయనమ్మా.”

“నీకు కూడానా!” అని నాయనమ్మ నిట్టూర్చింది.

అమ్మ కొవ్వొత్తి వెతికి తెచ్చేసరికి నాయనమ్మ గురక పెడుతోంది. ఒకరు లేకుండా ఒకరు ముందుకు చదవకూడదని ఇద్దరికీ ఒప్పందం. మర్నాడు పొద్దున్న గ్రంథాలయం గుమ్మం ముందు నిలబడి గుసగుస తన కుడి జడ ఆకుపచ్చ రిబ్బను విప్పి, తాడు అయిపోయిన పేజీలో పెట్టి, పుస్తకం అప్పజెప్పింది. నాలుగు రోజుల్లో తిరిగిచ్చేస్తారులే అనుకుంది పాపం. చిన్నపిల్ల.

పుస్తకాలన్నిటినీ పురికొసతో కట్టలు కట్టి ఎక్కడికో తరలించారు. ఎక్కడికని అడిగిన రేడియోకు హెడ్మాస్టరుగారు వేలెత్తి చెప్పారు. “పుస్తకాలు మన ప్రగతికి పునాది. పునాది ఎక్కడైనా పైకి కనబడుతుందా?”

ఇంట్లో నాయనమ్మ మాత్రం సాయంత్రం అవగానే మొదలుపెట్టేది.

“ఆ పిల్ల ఇంకా వేలాడుతూనే ఉందా?”

“ఉంది నాయనమ్మా.”

“చేతులు పడిపోవూ! తిండీ తిప్పలూ లేకుండా! మీ హెడ్మాస్టరుకు ఆడపిల్లలు లేరా ఏమిటే?”

అమ్మకు రిబ్బను బెంగ. “జడకొకటి చొప్పున కొనిచ్చాను కదే, ఆ రెండోది ఎవరి నెత్తిన పెట్టొచ్చావు?” అని రోజూ అడిగి, రోజూ కుడి జడకు రబ్బరు బ్యాండు చుట్టేది.

* * *

కళ్లపెట్టెల గది సిద్ధమైంది. దానికి బాధ్యులు ఎవరు? సైన్సు మాస్టారు తనకు తలనొప్పన్నారు, లెక్కల మాస్టారు తనకు సైన్సు రాదన్నారు. చివరికి డ్రిల్లు మాస్టారిని వేశారు. ఆయనకు ఈల ఉంది, పిల్లలకు ఆయనంటే భయం ఉంది. ఇంతకంటే అర్హతలు ఏం కావాలి?

ఆయన తన శాస్త్రాన్ని వదులుకోలేదు. కళ్లపెట్టెల పాఠాన్ని కూడా మైదానంలో కవాతులాగే నడిపారు.

“జట్టూ, సావధాన్! పెట్టె కట్టు! కుడివైపు చూడు! ఎడమవైపు చూడు! పైకి చూడు! ఆశ్చర్యపడు!”

ఆశ్చర్యానికి ఒక ఈల, ఆనందానికి రెండు ఈలలు. ఒక ఈలకు పిల్లలందరూ “ఆహా!” అనాలి. రెండు ఈలలకు చప్పట్లు కొట్టాలి. పెట్టెలు చాలినన్ని లేవు కాబట్టి, లేనివాళ్లు వట్టి కళ్లతోనే తలలు తిప్పి ఆశ్చర్యపడేవారు. నిజానికి వాళ్లకే బాగా వచ్చేది.

లోపల ఏం కనబడేదో చెప్పాలి కదా! సముద్రపు అడుగు, చంద్రుడు, మంచుకొండలు, పూర్వకాలపు రాజుల కోటలు... ఇవన్నీ పెట్టె అట్ట మీద బొమ్మలుగా ఉన్నాయి.

“సముద్రం ఎప్పుడు చూపిస్తారు సార్?” అంది రేడియో.

“సాంకేతిక కారణాల వల్ల లేదు.”

“మరి చంద్రుడు సార్?”

“అదే కారణం.”

ఆ బడిలో సాంకేతిక కారణాలన్న మాటకు ఎదురులేదు. కుళాయిలో నీళ్లు రాకపోయినా, గంట సమయానికి కొట్టకపోయినా, ఒకసారి లెక్కల మాస్టారు మూడు రోజులు కనబడకపోయినా ఆ మాటే చెప్పారు. విన్నవాళ్లు తల ఊపి వెళ్లిపోవాల్సిందే. అర్థం కాని మాటను అడ్డగించడం ఎవరి తరం?

పని చేసేది ఒకే ఒక్క దృశ్యం. దాని పేరు “ప్రపంచంలోకెల్లా గొప్ప గ్రంథాలయంలో విహారం.”

అవును! గ్రంథాలయం ఖాళీ చేసిన గదిలో, గ్రంథాలయం లేకుండా చేసిన గోడల మధ్య నిలబడి, పిల్లలు ముఖానికి పెట్టె కట్టుకుని గ్రంథాలయం చూస్తున్నారు!

గుసగుస వంతు వచ్చింది. కట్టుకోగానే కళ్లు చెదిరాయి. ఆకాశం దాకా చెక్క అరలు. ఎటు తిరిగినా పుస్తకాలే. ఎర్రవి, పచ్చవి, బంగారు గీతలవి. ఇన్నిటిలో నాయనమ్మ పుస్తకం ఉండకపోతుందా అని ఆ పిల్ల నీలం అట్టల అర వెతుక్కుంటూ నడిచింది. అదిగో! చెయ్యి చాపింది. మెత్తగా, గుండ్రంగా, వెచ్చగా తగిలింది.

డ్రిల్లు మాస్టారి పొట్ట.

“ఏయ్ గుసగుసా! చేతులు కిందికి దించు! చూడమన్నాను గానీ పట్టుకోమన్నానా?”

పిల్లలు గొల్లుమన్నారు. ఈల మోగింది. అందరూ నవ్వు ఆపి ఆశ్చర్యపడ్డారు.

ఆ రోజు బడి వదిలాక గుసగుస తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేసింది. రేడియోను వెంటబెట్టుకుని హెడ్మాస్టరుగారి గదికి వెళ్లింది. ఆయన అద్దంలో చూసుకుంటూ స్వాగతోపన్యాసం నేర్చుకుంటున్నారు.

“నీలం పుస్తకం... కావాలి సార్.”

“ఆఁ? ఏమిటీ?”

“నీలం పుస్తకం కావాలిట సార్,” అని రేడియో అందించింది. “సగంలో ఉందిట. ఒకమ్మాయి తాడు పట్టుకుని వేలాడుతోందిట సార్, వాళ్ల నాయనమ్మ అన్నం సరిగ్గా తినట్లేదుట.”

“ఏ అమ్మాయి? మన బడి అమ్మాయా?” హెడ్మాస్టరుగారు కంగారుపడ్డారు. కథలో అమ్మాయని తెలిశాక స్థిమితపడ్డారు. “పిచ్చిపిల్లా! పెట్టెలోపల లక్షల పుస్తకాలున్నాయి కదమ్మా! ఒక్క పుస్తకం కోసం ఏడుస్తావెందుకు?”

“అవి... తెరుచుకోవు సార్.”

హెడ్మాస్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. పై కార్యాలయం నుంచి నేర్చుకున్న చిరునవ్వు నవ్వారు.

“పుస్తకం చూడటం మొదటి దశ. తెరవడం రెండో దశలో ఉంది.”

“మరి చదవడం సార్?” అంది రేడియో.

“తొందరెందుకు? అది మూడో దశ. దశలవారీగా జరగాల్సిన పనిని ఒక్కసారి చేస్తే కళ్లు పాడవుతాయి.”

ఇద్దరూ బయటికి నడుస్తుంటే ఆయన వెనకనుంచి పిలిచారు.

“ఏమ్మా, నువ్వేనా ఎప్పుడూ మాట్లాడని పిల్లవి? వచ్చే వారం విద్యాశాఖ డైరెక్టరుగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారు. ప్రదర్శనకు ఒక విద్యార్థిని కావాలి. తెలివైన పిల్లల్ని పెడితే ఏదో ఒకటి అడుగుతారు. నువ్వే సరైన మనిషివి. ‘సార్, నేను ఇప్పుడు కథలోపల ఉన్నాను’ అనాలి. అంతే. నేర్చుకో.”

“నీకు పెద్ద పదవి వచ్చిందే!” అని రేడియో దారిపొడవునా గెంతింది. గుసగుస మాత్రం ఇంటికెళ్లి నాయనమ్మతో ఏం చెప్పాలో ఆలోచిస్తూ నడిచింది.

“మూడో దశ దాకా ఆగాలిట నాయనమ్మా.”

నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. “నేను ఆగుతాను లేవే,” అంది చివరికి. “ఆ తాడు ఆగాలిగా.”

* * *

ప్రారంభోత్సవం రోజున బడి గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. కుళాయిలో నీళ్లొచ్చాయి. లెక్కల మాస్టారు వచ్చారు. కళ్లపెట్టెల గదిలో ఎర్ర తివాచీ పరిచిన వేదిక వెలిసింది. డైరెక్టరుగారంతటివారు పిల్లలతో సమానంగా నేల మీద నిలబడితే ఫొటోలో ఎవరు గొప్పో తెలియదు కదా! వేదికను డ్రిల్లు మాస్టారు స్వయంగా కట్టారు. ఎక్కి చూస్తే ఒక మూల కాస్త ఊగిందట. దానికీ ఏదో ఉపాయం చేశారట.

డైరెక్టరుగారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. ఆ కత్తిరించిన రిబ్బను చూస్తే గుసగుసకు తన రిబ్బను గుర్తొచ్చింది. అమ్మ తిట్లు గుర్తొచ్చాయి. తల దించుకుంది.

తల దించుకోబట్టే కనబడింది.

ఆమెను నిలబెట్టింది వేదిక మూలన, నేల మీద. తివాచీ అంచు కాస్త పైకి లేచి ఉంది. దాని కింద చెక్కలు. చెక్కల కింద పురికొసతో కట్టిన కట్టలు. కట్టల్లో ఎర్రవి, పచ్చవి, చిరిగిన అట్టలవి... పుస్తకాలు! హెడ్మాస్టరుగారు చెప్పిన పునాది అక్షరాలా అక్కడే ఉంది. ఆ మూల ఊగకుండా చెక్క కింద ఒంటరిగా దోపిన ఆపు ఒకటుంది. నీలం అట్ట. అందులోంచి బయటికి వేలాడుతూ ఒక ఆకుపచ్చ రిబ్బను.



పైన డైరెక్టరుగారు ఉపన్యసిస్తున్నారు. “నా చిన్నతనంలో నేను పుస్తకాల పురుగును! పుస్తకం అంటే నాకు ప్రాణం! ఈనాటి పిల్లలకు పుస్తకాలంటే గౌరవం లేదు!” అని పుస్తకాల మీద నిలబడి బూటుకాలితో వేదికను ఒక్కటి తట్టారు. “ఏదీ, ఆ పెట్టె ఇటివ్వండి!”

ఆయనకు కట్టారు. “ఓహో!” అన్నారాయన. “మీరూ కట్టుకోండి. అందరం కలిసి విహరిద్దాం.”

పై అధికారి గుంటలోకి నడిచినా వెనకే నడవడం ఉద్యోగధర్మం. హెడ్మాస్టరుగారు కట్టుకున్నారు. టీచర్లు వరసగా కట్టుకున్నారు. డ్రిల్లు మాస్టారు ఈల నోట కరుచుకుని తానూ కట్టుకున్నారు. చివరి పెట్టె గుసగుస చేతిలో ఉంది.

గదిలో పెద్దవాళ్లెవరికీ కళ్లు లేవు. బడి చరిత్రలో ఇలాంటి క్షణం మళ్లీ వస్తుందో రాదో!

గుసగుస రేడియో వైపు చూసింది. రేడియో రిబ్బను వైపు చూసింది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మాట్లాడకుండా తల ఊపడం అదే మొదటిసారి.

గుసగుస తన పెట్టెను మెల్లగా నేల మీద పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో నీలం పుస్తకం పట్టుకుంది. లాగింది. రాలేదు. పైనున్న బరువు తక్కువా! డైరెక్టరుగారు ఏదో అర చూద్దామని అవతలివైపుకు ఒక అడుగు వేశారు. మూల తేలికైంది. మళ్లీ లాగింది.

పుస్తకం వచ్చేసింది. వెనకే వేదికంతా వచ్చేసింది.

చెక్క పక్కకు ఒరిగింది. డైరెక్టరుగారు హెడ్మాస్టరుగారి మెడ పట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు దొరికింది పట్టుకున్నారు. దొరికింది డ్రిల్లు మాస్టారి పొట్ట. ఆ నొక్కుడుకు నోట్లో ఉన్న ఈల కుయ్యిమంది.

“ఆహా!” అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో.

ముగ్గురూ కలిసి జారారు. కట్టల పురికొసలు తెగి పుస్తకాలు జలజలా దొర్లాయి. డైరెక్టరుగారు వాటి మీద చతికిలబడ్డారు. ఆయన మీద డ్రిల్లు మాస్టారు పడ్డారు. ఈల రెండుసార్లు మోగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేర్పిన విద్య ఊరికే పోతుందా!

పెద్దల ముఖాలకు పెట్టెలు అలాగే ఉన్నాయి. హెడ్మాస్టరుగారు తన ఉద్యోగం చివరి ఘడియ కోసం ఎదురుచూస్తున్నారు.

“అద్భుతం!” అన్నారు డైరెక్టరుగారు నేలమీదనుంచి. “ఏమి సహజత్వం! నిజంగా పడ్డట్టే ఉంది! నొప్పి కూడా నిజంలాగే ఉంది!”

ఆయన చేతులు చుట్టూ తడిమాయి.

“ఏమయ్యా, వాసన కూడా వస్తోందే! పాత కాగితం వాసన! అరె, చేతికి తగులుతున్నాయి! ఇదిగో అట్ట, ఇదిగో కుట్టు... ఇది... ఇది తెరుచుకుంటోంది!”

హెడ్మాస్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. “రెండో దశ సార్! మన పాఠశాలలో గడువుకంటే ముందే అమలు చేశాం!”

“శభాష్! కానీ, తెరిస్తే అక్షరాలు కనబడటంలేదే?”

“అది మూడో దశ సార్!”

“సరే సరే. దశలవారీగానే వెళ్లాలి.” డైరెక్టరుగారు ఒళ్లో తెరిచిన పుస్తకాన్ని తలకిందులుగా నిమురుతూ అడిగారు. “ఏమ్మా, ప్రదర్శన విద్యార్థినీ! ఎక్కడున్నావు?”

పక్కన నేలమీద కూర్చుని, రిబ్బను పెట్టిన పేజీ అప్పటికే తెరిచి పట్టుకున్న గుసగుస, నేర్చుకుని, అంతవరకు మరచిపోయిన వాక్యాన్ని చెప్పింది. అందరికీ వినబడింది.

“సార్, నేను ఇప్పుడు కథలోపల ఉన్నాను.”

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయట. పెట్టెలో ఉండటం వల్ల ఎవరూ చూడలేదు. “తీయకండి సార్, పెట్టె తీయకండి! ఒక్కసారిగా వెలుగు చూస్తే కళ్లకు మంచిది కాదు,” అంటూ హెడ్మాస్టరుగారు చెయ్యిపట్టుకుని, గుమ్మం దాటించి, మెట్లు దింపి, ఆయన్ని అలాగే కారెక్కించారు. పెద్దాయన పెట్టెతోనే వెళ్లిపోయారు. ఆయన ఉద్యోగానికి దానివల్ల ఏ ఇబ్బందీ కలగలేదని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం గుసగుస జడలకు రెండు రిబ్బన్లున్నాయి. నాయనమ్మ మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

“తాడు అయిపోయింది. కాళ్ల కింద నేల తగల్లేదు. పిల్ల చేతులు ఇక తాళలేకపోయాయి. కళ్లు గట్టిగా మూసుకుని తాడు వదిలేసింది.”

“అయ్యో తల్లీ!”

“నేల జానెడు కిందే ఉంది. ఇసుకలో నిలబడింది. ఇంతసేపూ చీకట్లో తెలియలేదంతే.”

నాయనమ్మ మంచం పట్టె మీద ఒక్కటి చరిచింది. “జానెడా? జానెడు దూరానికా నన్ను ఇన్నాళ్లు తిండి తిననివ్వలేదు! దాని కాళ్లు విరగ్గొట్ట!” అని తిట్టి, ఆ తిట్లు అవగానే కళ్లు తుడుచుకుని, “ఊఁ, తర్వాత? నూనె దొరికిందా?” అంది.

* * *

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ డైరెక్టరుగారు వెళ్లి మంత్రిగారికి చెప్పారు. మంత్రిగారు తానూ పడతానన్నారు.

హెడ్మాస్టరుగారు మళ్లీ వేదిక కట్టించి ఎక్కి చూశారు. అది పడలేదు. గెంతారు. పడలేదు. డ్రిల్లు మాస్టారు కూడా గెంతారు. మూలన దోపిన పుస్తకం లాగితే తప్ప ఆ ఘనకార్యం జరగదని అప్పటికి వెలిగింది. ఉదయం వరసల ముందు మైకు పట్టుకున్నారు.

“ఆ రోజు వేదిక కింద పుస్తకం లాగిందెవరు?”

లాగడం పిల్లలందరూ చూసిందే. ఒక్కరూ నోరు విప్పలేదు. రేడియో రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. ఆ శ్రమకు ముఖం ఎర్రబడింది.

“చెప్పరా? అయితే వరసలు ఎండలోనే ఉంటాయి!”

గుసగుస తల వంచి కాళ్ల కిందికి చూసింది. నేల ఎంత దూరంలో ఉందో ఎవరికి తెలుసు? కళ్లు మూసుకుంది.

“నేనే సార్.”

రేడియో అందించాల్సిన అవసరం రాలేదు. మైకు అక్కర్లేనంత స్పష్టంగా వినబడింది.

హెడ్మాస్టరుగారు దగ్గరికొచ్చారు. ఆమెను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశారు. గొంతు తగ్గించారు.

“మళ్లీ లాగగలవా?”

గుసగుస కళ్లు తెరిచింది.

“లాగుతాను సార్. కానీ ప్రతిసారీ వేరే పుస్తకం పెట్టాలి. ఏది పెట్టాలో నేనే చెప్పాలి. లాగింది మళ్లీ కార్యక్రమం దాకా నా దగ్గరే ఉండాలి.”

“ఎందుకట?”

ఆ పిల్ల అమాయకంగా, వినయంగా చెప్పింది.

“సాంకేతిక కారణాలు సార్.”

హెడ్మాస్టరుగారు తల ఊపి వెళ్లిపోయారు. ఆయన మాత్రం ఏం చేస్తారు?

అలా గుసగుస రెండో దశ నిర్వాహకురాలైంది. మంత్రిగారు వచ్చి పడ్డారు. పక్క ఊళ్ల హెడ్మాస్టర్లు వచ్చి వరసగా పడ్డారు. విదేశీ నిపుణుడెవరో వచ్చి, తన దేశంలో ఇంత బాగా పడలేమని మెచ్చుకున్నాడు. పెద్దలు పెట్టెలు కట్టుకోగానే గుసగుస తన పుస్తకం లాగేది. కట్టలు తెగి పుస్తకాలు దొర్లేవి. సర్దడానికి పిల్లలు సాయం పట్టేవారు. ఒకరు దొంగల కథ, ఒకరు పక్షుల పుస్తకం, రేడియో ఏకంగా నిఘంటువు! పోయినసారి తీసుకెళ్లింది కట్టలో పెట్టి, కొత్తది చొక్కాలోనో సంచిలోనో సర్దుకునేవారు. వాళ్ల వెంట వచ్చిన డైరెక్టరుగారు పెట్టె విప్పబోతే, “సార్, ఇంకా అయిపోలేదు! పైన చూడండి!” అని పిల్లలే హెచ్చరించేవారు. ఆయన పైకి చూసేవారు.

“ఈసారి దొంగల కథ పట్రావే,” అని నాయనమ్మ ఇంట్లో ఆర్డరు వేసేది.

“దాన్ని ముందే ఒకడు అడిగాడు నాయనమ్మా. మంత్రిగారు మళ్లీ పడ్డప్పుడు తెస్తాను.”

ఏడాది చివర విద్యాశాఖ నుంచి నివేదిక వచ్చింది. హెడ్మాస్టరుగారు ఉదయం వరసల ముందు మైకులో గర్వంగా చదివారు.

“ఈ పాఠశాల విద్యార్థుల్లో పఠనాసక్తి ఆశ్చర్యకరంగా పెరిగింది! ఈ ఘనత పూర్తిగా ముఖానికి కట్టుకునే ఆ పరికరాలదే!”

రెండు ఈలలు మోగాయి. ఈసారి గుసగుస చప్పట్లు అందరికంటే గట్టిగా వినబడ్డాయి. నివేదికలో ఒక్క అక్షరం అబద్ధం లేదు మరి! పెద్దలు ఆ పెట్టెలు కట్టుకుని ఉన్నంతసేపే కదా, ఆ బడిలో పిల్లల చేతికి పుస్తకాలు అందింది.